ఊడిన పాలపన్నుకి వేరు ఎక్కడికి పోయింది?

పాలపన్ను ఊడి చేతిలోకి వచ్చినప్పుడు దాన్ని ఒక్కసారి తలకిందులుగా తిప్పి చూడండి. పైవైపు తెల్లగా నున్నగా ఉంటుంది, కిందివైపు మాత్రం డొల్లగా, అంచులు ఎగుడుదిగుడుగా, ఎవరో కొరికి తిన్నట్టు ఉంటుంది. వేరు కనిపించదు. వేరు విరిగి లోపలే ఉండిపోయిందేమోనని టెన్షన్ పడి నాకు ఫోన్ చేసే తల్లిదండ్రులు చాలామంది. విరగలేదండీ, అరిగి కరిగిపోయింది. కింద నుంచి శాశ్వత దంతం పైకి వస్తుంటే, దాని దారిలో ఉన్న పాలపంటి వేరుని ప్రత్యేకమైన కణాలు కొద్దికొద్దిగా కరిగించేస్తాయి, ఆ పని నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి సాగుతుంది, చివరికి పట్టు ఉండదు కాబట్టి పన్ను కదలడం మొదలుపెట్టి ఊడి వస్తుంది. అదే పిప్పి వల్లో దెబ్బ వల్లో నాలుగేళ్ళ పిల్లవాడి దవడపన్ను తీయాల్సి వస్తే, పొడుగ్గా, సన్నగా, రెండు పక్కలకీ విప్పారిన వేళ్ళు కనిపిస్తాయి. పాలపళ్ళకి అసలు వేళ్ళే ఉండవనుకునేవాళ్ళు దాన్ని చూసి నిజంగా ఆశ్చర్యపోతారు.

నేను పిల్లల పళ్ళు చూసే డాక్టర్ని. "ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా మేడమ్, పీకేయండి" అనే మాట ఎంత తరచుగా వింటానో చెప్పలేను. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఎందుకంటే పన్ను లోపల ఏముంటుందో, పాలపంటికీ శాశ్వత దంతానికీ తేడా ఏంటో వాళ్ళకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే ఈ పోస్టు.

ముందు పన్ను సంగతి. మనకి నోట్లో కనిపించేది పైభాగం మాత్రమే, దాన్ని క్రౌన్ అంటారు. చిగురు కింద ఎముకలో దిగి ఉండేది వేరు. క్రౌన్ మీద కప్పి ఉండే తెల్లటి పొర ఎనామిల్. మన ఒంట్లో ఎముక కంటే కూడా గట్టి పదార్థం ఇదే, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. కానీ దీనికి ఒక పెద్ద లోటు ఉంది. ఎనామిల్‌ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఎనామిల్ మాత్రం ఒకసారి గుంట పడితే మళ్ళీ పెరగదు. గుంట పడకముందు, పన్ను మీద సున్నపు తెలుపు మచ్చలా కనిపించే దశలో అయితే ఫ్లోరైడ్ సాయంతో పోయిన ఖనిజాన్ని కొంతవరకు తిరిగి చేర్చవచ్చు. ఆ మచ్చని కనిపెట్టాలంటే పిల్లల పై పెదవి ఎత్తి, ముందుపళ్ళని చిగురు అంచు దగ్గర చూడాలి. నెలకోసారి చూడండి, అర నిమిషం కూడా పట్టదు.

ఎనామిల్ కింద డెంటిన్. కొంచెం పసుపు రంగులో ఉంటుంది, పన్నులో ఎక్కువ భాగం ఇదే. దీంట్లో చదరపు మిల్లీమీటరుకి వేల సంఖ్యలో కంటికి కనిపించని సన్నటి గొట్టాలు ఉంటాయి, వాటిలో ద్రవం నిండి ఉంటుంది. ఎనామిల్ అరిగో, చిగురు కిందికి జారో డెంటిన్ బయటపడితే, చల్లటి నీళ్ళు తాగగానే ఆ ద్రవం కదిలి లోపలి నరాన్ని తట్టిలేపుతుంది. పళ్ళు జివ్వుమనడం అంటే ఇదే. డెంటిన్ లోపల, నడిమధ్యలో పల్ప్, అంటే రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తటి భాగం. ఇవి వేరు చివర ఉన్న చిన్న రంధ్రం గుండా లోపలికి వస్తాయి. పల్ప్ చుట్టూ అన్నివైపులా గట్టి గోడలే కాబట్టి, అక్కడ వాపు వస్తే ఉబ్బడానికి చోటుండదు, ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి పంటినొప్పి రాత్రిపూట ఇంకా ఎక్కువవుతుంది. అర్ధరాత్రి లేచి ఏడ్చే పిల్లవాడు నాటకమాడడం లేదు, ఆ నొప్పి నిజంగా భరించలేనిది.

వేరు చుట్టూ సిమెంటం అనే పలుచటి పొర. దానికీ దవడ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో పావు వంతు మందం ఉండే సన్నటి పోగుల పొర ఒకటుంది, దాన్ని పెరిడాంటల్ లిగమెంట్ అంటారు. నాకు పన్నులో అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే. పన్ను నేరుగా ఎముకకి అతుక్కుని ఉండదు, ఈ పోగుల మీద వేలాడుతూ ఉంటుంది. నమలడంలో పడే బరువుని తట్టుకునేది ఇదే, నోట్లో సన్నటి ఇసుక రేణువు తగిలినా టక్కున తెలిసేది దీనిలోని నరాల వల్లే, క్లిప్పులు పెడితే పళ్ళు మెల్లగా జరిగేదీ ఇది ఉండబట్టే. ఈ పొర పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

ఇక లెక్క. పాలపళ్ళు 20, శాశ్వత దంతాలు 32. బడిలో దంత సూత్రం చదివే ఉంటారు: పెద్దవాళ్ళకి ఒక్కో పావు భాగంలో కుంతకాలు (ముందుపళ్ళు) 2, రదనిక (కోరపన్ను) 1, అగ్రచర్వణకాలు (చిన్న దవడపళ్ళు) 2, చర్వణకాలు (పెద్ద దవడపళ్ళు) 3. పిల్లలకి 2, 1, 0, 2. అంటే పాలపళ్ళలో అగ్రచర్వణకాలు అసలు లేవు. పాల దవడపళ్ళు ఊడిన చోట వచ్చేవి అగ్రచర్వణకాలు. మరి పెద్ద దవడపళ్ళు 12 ఎక్కడ వస్తాయి? పాలపళ్ళన్నింటికీ వెనక, కొత్తగా పెరిగిన దవడలో. వాటికోసం ఏ పన్నూ ఊడదు.

అసలు చిక్కంతా ఇక్కడే. సుమారు ఆరేళ్ళ వయసులో, చివరి పాలపంటి వెనక, చడీచప్పుడు లేకుండా మొదటి పెద్ద దవడపన్ను వచ్చేస్తుంది. ఏ పన్నూ ఊడలేదు కాబట్టి ఇంట్లో ఎవరి దృష్టీ అటు పోదు, అదే సమయంలో ముందుపళ్ళు కదులుతుంటాయి కాబట్టి అందరి ధ్యాసా వాటి మీదే ఉంటుంది. వచ్చేటప్పుడు కొన్ని నెలల పాటు సగం చిగురు కిందే ఉంటుంది, మిగతా పళ్ళ కంటే ఎత్తు తక్కువ, బ్రష్ సరిగా అందదు, నమిలే వైపు లోతైన గాళ్ళుంటాయి, ఎనామిల్ ఇంకా పూర్తిగా ముదరదు. పుచ్చడానికి కావాల్సిన పరిస్థితులన్నీ ఒకేచోట! ఎనిమిదేళ్ళ పిల్లని తీసుకొచ్చి "పాలపన్ను పుచ్చిందండీ" అని చూపిస్తే నేను చూసేది చాలాసార్లు ఈ పన్నే. జీవితాంతం ఉండాల్సిన పన్ను, వచ్చి రెండేళ్ళు కాకుండానే గుంట. అప్పటికి దాని వేరు కూడా పూర్తిగా తయారవదు, ఎందుకంటే శాశ్వత దంతం నోట్లోకి వచ్చాక వేరు ముగియడానికి ఇంకో మూడేళ్ళు పడుతుంది. వేరు చివర ఇంకా తెరిచి ఉన్న పంటికి మామూలు రూట్ కెనాల్ చేయడం కుదరదు, వైద్యం చాలా జాగ్రత్తగా, ఎక్కువ కాలం చేయాల్సి వస్తుంది. ఆరేళ్ళు నిండుతున్న పిల్లలున్నవాళ్ళు ఫోన్ టార్చ్ వేసి పైనా కిందా, రెండువైపులా చివరి పాలపంటి వెనక చూడండి. కనిపించిందంటే డాక్టర్‌కి చూపించండి. గాళ్ళు లోతుగా ఉంటే సీలెంట్, అంటే వాటిని మూసే పూత వేస్తారు, ఇంజక్షన్ ఉండదు, నొప్పీ ఉండదు.

పోలిక విషయానికొస్తే, పాలపళ్ళు చిన్నవి, బాగా తెల్లవి. పక్కన కొత్తగా శాశ్వత దంతం వస్తే పసుపుగా కనిపించి "ఏంటి, గారపట్టిందా?" అని కంగారుపడతారు. అది సహజమైన రంగే. ముందుపళ్ళ అంచు మీద మూడు చిన్న బుడిపెలు కూడా ఉంటాయి, వాడకంలో అవే అరిగిపోతాయి. రంగు, సైజు పైకి కనిపించే తేడాలు. అసలైన తేడా లోపల ఉంది. పాలపంటి ఎనామిల్ మందం ఒక మిల్లీమీటరుకి అటూఇటూ, శాశ్వత దంతంతో పోలిస్తే దాదాపు సగం. దాని కింద డెంటినూ పలుచనే. పన్ను సైజుతో పోల్చుకుంటే పల్ప్ మాత్రం పెద్దది, దాని కొమ్ములు పైకి బాగా పొడుచుకుని వచ్చి ఉంటాయి. అంటే ఎనామిల్‌లో మొదలైన పుచ్చు నరం దాకా చేరడానికి దూరం చాలా తక్కువ. పైగా రెండు పాల దవడపళ్ళు ఒకదానికొకటి వెడల్పుగా ఆనుకుని ఉంటాయి, ఆ సందులో బ్రష్ దూరదు, పుచ్చు అక్కడే మొదలై ఎక్స్‌రే తీస్తే గానీ బయటపడదు. "మొన్నటిదాకా బాగానే ఉంది, రాత్రికి రాత్రి బుగ్గ వాచింది" అంటారు కదా, దానికి కారణం ఇది.

వేళ్ళు విప్పారి ఉంటాయని మొదట్లో చెప్పాను. ఆ రెండు వేళ్ళ మధ్య ఖాళీలోనే, సరిగ్గా అక్కడే, రాబోయే అగ్రచర్వణకం మొగ్గ తయారవుతూ ఉంటుంది. పాల దవడపంటి చీము కూడా వేరు చివర కంటే ఎక్కువగా ఈ వేళ్ళ చీలిక దగ్గరే చేరుతుంది, ఎందుకంటే పల్ప్ గది అడుగు పలుచన, సన్నటి దారులు అటు తెరుచుకుని ఉంటాయి. కింద మొగ్గ దశలో ఉన్న పంటికి ఆ ఇన్‌ఫెక్షన్ సోకితే, అది మచ్చలతోనో గుంటలతోనో బయటికి రావచ్చు. ఊడిపోయే పన్నే కదా అని వదిలేసినదాని ఫలితం ఊడని పన్ను మీద పడుతుంది.

సరే, పీకేస్తే పోతుంది కదా అంటారా? పాల దవడపళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉండాలి. ఐదేళ్ళకే రెండో పాల దవడపన్ను తీసేస్తే, వెనక నుంచి వచ్చే ఆరేళ్ళ దవడపన్ను ఆ ఖాళీలోకి ముందుకి జరిగిపోతుంది, తర్వాత రావాల్సిన పంటికి చోటు మిగలదు, అది లోపలే ఇరుక్కుంటుంది లేదా పక్కకి వస్తుంది. పాల దవడపళ్ళు వాటి స్థానంలో వచ్చే పళ్ళ కంటే వెడల్పు. ఆ మిగులు చోటు కూడా వృథా కాదు, పళ్ళ వరస సర్దుకోవడానికి పనికొస్తుంది. తీయక తప్పని పళ్ళూ ఉంటాయి, కాదనను, నేనూ తీస్తాను. అప్పుడు ఆ ఖాళీని కాపాడడానికి స్పేస్ మెయింటెయినర్ అవసరమా అని తప్పకుండా అడగండి.

కొన్ని విషయాలకి మాత్రం అసలు కంగారు పడొద్దు. మూడు నాలుగేళ్ళ పిల్లలకి పళ్ళ మధ్య సందులుంటే మంచిదే, రాబోయేవి పెద్ద పళ్ళు కదా. ఏడెనిమిదేళ్ళప్పుడు పై ముందుపళ్ళ మధ్య సందు ఉంటే చాలామందికి కోరపళ్ళు వచ్చేసరికి అదే మూసుకుంటుంది. కింద ముందుపళ్ళు పాలపళ్ళ వెనక రెండో వరసలా వచ్చినా, ముందున్నవి కదులుతుంటే ఊడనివ్వండి, నాలుకే కొత్తవాటిని ముందుకి నెడుతుంది. పాతవి ఏమాత్రం కదలకపోతే చూపించండి.

ఇప్పుడు లిగమెంట్ దగ్గరికి వద్దాం. ఆటలో దెబ్బ తగిలి ముందుపన్ను వేరుతో సహా ఊడి కింద పడిందనుకోండి. అది పాలపన్నా, శాశ్వత దంతమా అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని పూర్తిగా మారిపోతుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలదైతే పాలపన్నే, దాన్ని తిరిగి పెట్టకూడదు, లోపలి మొగ్గకి దెబ్బ తగులుతుంది. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల పై ముందుపన్ను దాదాపుగా శాశ్వత దంతమే అయి ఉంటుంది, అప్పుడు ఒక్క నిమిషం కూడా వృథా చేయొద్దు. పన్నుని క్రౌన్ దగ్గరే పట్టుకోండి, వేరుని ముట్టుకోవద్దు, తుడవొద్దు, గీకొద్దు, దాని మీద ఇంకా బతికి ఉన్నవి ఆ లిగమెంట్ కణాలే. మట్టి అంటితే పాలతో మెల్లగా కడిగి, పిల్లవాడు తెలివిలో ఉండి సహకరిస్తే, అదే గుంటలో సరైన వైపు తిప్పి పెట్టి, శుభ్రమైన గుడ్డ మీద కొరికి పట్టుకోమనండి. పెట్టడం కుదరకపోతే పాలలో వేసి తీసుకురండి. నీళ్ళలో వేస్తే కణాలు ఉబ్బి పగిలిపోతాయి, కాగితంలో చుట్టి తెస్తే ఎండిపోతాయి. బయట పొడిగా గంట గడిస్తే ఆ కణాలు బతకడం కష్టం. దారిలో ఉండగానే డాక్టర్‌కి ఫోన్ చేసి పన్ను ఊడి ఎంతసేపైందో, దేంట్లో వేసి తెస్తున్నారో చెప్పండి, మీరు వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉంచుకుంటారు.