నిన్ననే వచ్చిన రాయి

"కొత్త స్టాకు సార్, నిన్ననే వచ్చింది" అంటూ హన్మకొండ గ్రానైటు దుకాణం కుర్రాడు పలక మీద నీళ్లు చల్లి తుడిచాడు. తడి తగలగానే గోధుమరంగు మచ్చలు నిగనిగలాడాయి. కరీంనగర్ టాన్ బ్రౌన్, మా వంటగట్టుకు.

ఆ మచ్చలు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలు. కిలోమీటర్ల లోతున శిలాద్రవం తీరిగ్గా చల్లారితే తప్ప అంత పెద్దవి కావు. మన ప్రాంతపు గ్రానైట్లలో చాలావాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. చెట్టూ లేదు, చేపా లేదు, ఉన్నదల్లా సూక్ష్మజీవులే. డైనోసార్లు దీని ముందు నిన్నటి పిల్లలు.

కొత్త స్టాకట!

అమ్మకు ఇవేవీ పట్టలేదు. "పసుపు మరక పడితే పోతుందా బాబూ?" అని అడిగింది. "వెంటనే తుడిచేయాలమ్మా" అన్నాడు, పాపం నిజాయితీగానే. అడుగుకు పది రూపాయలు తగ్గించమంటే మాత్రం ససేమిరా అన్నాడు.