సర్పంచ్ చేతిలో సంతకం తప్ప ఏముంది?

ఉరవకొండ వైపు మా ఊళ్లో వీధి లైట్లు పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటాయి. చాలా స్తంభాలకు స్విచ్చే లేదు, ఎవరో వైరు తగిలించి పోతారు, మళ్లీ పీకే నాథుడుండడు, మీటరు మాత్రం ఆగకుండా తిరుగుతుంది. ఆ బిల్లు పంచాయతీది. నీళ్ల బోర్ల మోటార్ల బిల్లూ పంచాయతీదే. అనంతపురం జిల్లాలో ఎంత లోతు నుంచి నీళ్లు తోడాలో చెప్పక్కర్లేదు కదా.

2021లో ఆర్థిక సంఘం డబ్బు (కేంద్రం పంచాయతీలకిచ్చే గ్రాంటు) వచ్చిందని సర్పంచులు సంబరపడేలోపే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పాత కరెంటు బకాయిల కింద డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు, మళ్లించింది. సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి కట్టాల్సిందే, కాదనను, కానీ ఊరి ఖాతాలో డబ్బు ఊరిని అడగకుండా తీసుకోవడం ఏం పద్ధతి? పైగా ఆ 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. మిగిలిన 40 శాతంలోనే ఊరి మిగతా అవసరాలన్నీ సర్దుకోవాల్సి వచ్చేది.

ఎన్నికల సంగతి ఇంకో తలనొప్పి. 2018 ఆగస్టులో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో. అంతవరకు ప్రభుత్వం వేసిన స్పెషలాఫీసర్ల పాలన. ఎన్నికైనవాళ్లు లేకపోతే కేంద్రం గ్రాంటు ఆగుతుందని తెలిసి కూడా అన్నేళ్లు లాగారు.

2024 నవంబరులో, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారనే నిబంధన ఎత్తేశారు, ఇక ఎంతమంది పిల్లలున్నా పోటీ చేయొచ్చు. మంచిదే. గెలిచినాక ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు రాసి పెట్టారు, మా సర్పంచ్ చేతికి వచ్చేది చెత్త, కాలువలు, లైట్లు. గ్రామ సచివాలయం సిబ్బందేమో ఎవరి శాఖ మాట వాళ్లు వింటారు. సగం సీట్లు ఆడవాళ్లకిచ్చినా కుర్చీలో భర్తే కూర్చునే ఊళ్లు బోలెడు, దాని గురించి రాస్తే వేరే పోస్టవుతుంది.

నా లెక్కలో అసలు రోగం ఇంటి పన్ను. మా పెద్దమ్మ కూతురు పక్క ఊరికి సర్పంచ్. "పన్ను గట్టిగా వసూలు చేయొచ్చు కదక్కా" అంటే, "చేస్తే మళ్లా మనకు ఓటెవరేస్తారప్పా?" అని నవ్వింది. అడగడానికి ఆమెకు భయం, కట్టకపోయినా నడుస్తుందని మనకు ధీమా. సొంత రాబడి లేని పంచాయతీ పైనుంచి వచ్చే పైసల కోసం చేయి చాచాల్సిందే, ఇచ్చేవాడు ఎటు మళ్లించినా నోరు మూసుకోవాల్సిందే. అందుకే ముందు పన్ను కట్టి రసీదు తీసుకుందాం, అప్పుడు గ్రామసభలో నిలబడి జమాఖర్చు అడుగుదాం. కేంద్రం పెట్టిన ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్లో ఏ పంచాయతీ ఖర్చయినా చూడొచ్చు, ఫోన్లోనే. మా ఊరిది తెరిచి చూస్తే ఎక్కువ భాగం మోటారు రిపేర్లే ఉన్నాయి. ఏ మోటారు, ఎన్నిసార్లు కాలింది అని వచ్చే సభలో అడగబోతున్నా.