కోసిన మాత్రల పట్టీలో ఏ మందుందో తెలుసుకోవడానికి పడిన అవస్థ

మా నాన్నగారికి విరేచనాలు నిన్నటితో కట్టాయి. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. వరద తీసిన తరువాత మా కోనసీమ లంకల్లో ఇంటికొకరు ఇలా మంచం పట్టడం ఏటా ఉన్నదే. ఊళ్లోని ఆర్.ఎం.పి. గారు వచ్చి, పొట్లంలో మాత్రలు కట్టి, పూటకొకటి వేయమని చెప్పి వెళ్ళారు.

మరునాడు పొద్దున్నే నాన్నగారికి ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణకసాగాయి. ఆయన షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వాడతారు కనుక, షుగరు పడిపోయిందేమోనని వెంటనే పంచదార నీళ్ళు తాగించి, తేరుకున్నాక ఆ పొట్లం విప్పాను. పట్టీని కత్తెరతో ఎలా కోశారంటే, మందు పేరూ గడువు తేదీ రెండూ అవతలి ముక్కకు పోయి, నా చేతిలోని ముక్క మీద ఒక ఎర్ర గీత, 'జోల్' అనే చివరి అక్షరాలు మాత్రమే మిగిలాయి.

ఆ మాత్రలు తెచ్చిన మందుల షాపుకే వెళ్ళి, ఇందులో ఏముందో చెప్పమని అడిగాను. యజమాని ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే "మోషన్స్‌కి మాత్రే మేష్టారూ, వేసేయండి" అన్నాడు. ఏయే మందులు కలిపారని మళ్ళీ అడిగితే, "కాంబినేషనండీ. పేరు చెబితే మీరు వైద్యం చేస్తారా? పాఠాలు బళ్ళో చెప్పుకోండి" అని అందరికీ వినపడేలా అన్నాడు. నా దగ్గర జీవశాస్త్రం చదివిన కుర్రాడే పక్కన నిలబడి నవ్వాడు. పదో తరగతిలో వాడిని ఆ పేపరు గట్టెక్కించింది నేనే. బిల్లు అడిగితే నాలుగు మాత్రలకు బిల్లేమిటన్నారు. చివరికి అక్కడ పనిచేసే అబ్బాయి, యజమాని అటు తిరిగిన సమయంలో, పెట్టెలోంచి నిండు పట్టీ తీసి బల్ల మీద వెనక్కి తిప్పి పెట్టాడు. ఆఫ్లాక్సాసిన్ 200, ఆర్నిడజోల్ 500 మిల్లీగ్రాములు. ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న సంగతి ఆ షాపులో నాకొక్కడికే తెలిసినట్టుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని త్వరగానే అయింది. డాక్టరమ్మగారు చూసి, రక్తం, జ్వరం లేని నీళ్ళ విరేచనాలకు ఈ మాత్ర అక్కర్లేదని ఆపించారు. ఒకటి బాక్టీరియాకు, రెండోది అమీబా వంటి వాటికి పనిచేసే మందు. ఆ రెండు రకాల క్రిములూ ఒకేసారి పట్టుకోవడం అరుదైనా, ఏదో ఒకటి తగలకపోతుందా అని కలిపి ఇస్తారట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ మిశ్రమాన్ని సిఫారసు చేయదగని వాటిలోనే చేర్చింది. ఆఫ్లాక్సాసిన్ జాతి మందులు గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చని, పైగా నాన్నగారు తిండి మానేశారని ఆవిడ చెప్పాకే ఆ వణుకు ఎందుకొచ్చిందో నాకు అర్థమయింది.

నిజంగా ఆ మాత్ర అవసరమై డాక్టరు రాస్తే, జింకు, ఐరన్, అసిడిటీ మందులను దానికి కనీసం రెండు గంటల ఎడంగా వేసుకోవాలి. లేకుంటే ఆఫ్లాక్సాసిన్ ఒంటికి పట్టదు. వేరే డాక్టరు రాసిన పట్టీలో కూడా అదే మందు ఇంకో పేరుతో ఉందేమో చూడాలి. విరేచనాలను బిగబట్టే లోపెరమైడ్‌ను రక్తం పడుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు వాడకూడదు, పిల్లలకు అసలే ఇవ్వకూడదు.

నాన్నగారికి పనిచేసింది ఓ.ఆర్.ఎస్. మాత్రమే. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో కలిపి, కొద్దికొద్దిగా పట్టించాము. షుగరు ఉన్నవారికి అందులోని గ్లూకోజు పడదేమోనన్న మా అత్తయ్య భయాన్ని కూడా డాక్టరమ్మగారే తీర్చారు. షుగరు చూసుకుంటూ తాగించమన్నారు. షాపులవాళ్ళు అంటగట్టే తియ్యటి అట్టపెట్టె పానీయాలు వేరు; ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళ ప్రకారం లేని వాటి మీద ఓ.ఆర్.ఎస్. అని వేయరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆ షాపు అద్దాల బీరువాలో అవి ముందు వరుసలోనే ఉన్నాయి.