ప్రచువప్ ఖిరి ఖన్: మూడు అఖాతాల ఊరు

థాయ్‌లాండ్ వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్‌లతో యాత్ర ముగిస్తారు. కాస్త తీరిక ఉన్నవారు హువా హిన్ దాకా వెళ్తారు. అదే రైలు మార్గంలో హువా హిన్ దాటి దక్షిణంగా మరో 90 కిలోమీటర్లు ప్రయాణిస్తే, బ్యాంకాక్‌కు సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ప్రచువప్ ఖిరి ఖన్ అనే చిన్న పట్టణం వస్తుంది. ఇది ఆ పేరుతోనే ఉన్న రాష్ట్రానికి ముఖ్యపట్టణమే అయినా, ఆ హోదా ఊరి తీరులో ఎక్కడా కనిపించదు. స్టేషన్‌లో దిగి తూర్పు ముఖంగా నడిస్తే కొద్దిసేపట్లోనే సముద్రం ఎదురవుతుంది. ఆవ్ నోయ్, ఆవ్ ప్రచువప్, ఆవ్ మనావ్ అనే మూడు అఖాతాలు వరుసగా ఉండటంతో థాయ్ ప్రజలు దీనిని మూడు అఖాతాల ఊరని పిలుస్తారు.

ఈ మూడింటినీ ఒకేచోట నిలబడి చూడాలంటే పట్టణానికి ఉత్తరాన ఉన్న ఖావ్ చాంగ్ క్రచోక్ అనే గుట్ట ఎక్కాలి. మెట్లు 396. అలిపిరి మెట్ల దారిలో తిరుమల చేరినవారికి ఇది లెక్కలోకి రాదు గానీ, ఉదయం తొమ్మిది దాటితే ఎండ మాత్రం లెక్కలోకి వస్తుంది. శిఖరం మీద బౌద్ధాలయం ఉంది. అక్కడి నుంచి చూస్తే కొడవలి వంపు తిరిగిన తీరం, నీటిలో నిలబడిన సున్నపురాతి ద్వీపాలు, పడమటి దిక్కున మయన్మార్ సరిహద్దు కొండలు ఒకేసారి కళ్ళకు కడతాయి. దారి పొడవునా కోతుల మంద ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి గాని, నీళ్ళ సీసా గాని కనిపిస్తే లాక్కోవడానికి అవి ఏమాత్రం సంకోచించవు.

కొండముచ్చులను చూడాలంటే మాత్రం ఆవ్ మనావ్‌కు వెళ్ళాలి. ఈ అఖాతం థాయ్ వైమానిక దళ స్థావరం లోపల ఉంది కనుక ద్వారం దగ్గర వివరాలు నమోదు చేయించుకుని, విమానాల రన్‌వేను అడ్డంగా దాటి బీచ్‌కు చేరాలి. ఇటువంటి దారి మరెక్కడా నాకు తగల్లేదు. అక్కడి లోమ్ మువక్ కొండ కింద చెట్ల మీద కొండముచ్చులు గుంపులుగా కూర్చుని ఉంటాయి. బూడిదరంగు ఒళ్ళు, కళ్ళ చుట్టూ సున్నంతో గీసినట్టున్న తెల్లని వలయాలు. తల్లి పొట్టను కరుచుకుని ఉన్న పిల్ల మాత్రం నారింజ పసుపు రంగులో మెరుస్తూ, వేరే జాతిదేమో అనిపిస్తుంది. ఒక తల్లి కొమ్మను దగ్గరికి వంచుకుని, ముదురు ఆకులను వదిలేసి చివురును మాత్రమే తుంచుకోవడం చాలాసేపు చూశాను. సందర్శకులు వేరుశనగలు అందిస్తున్నారు గాని, ఆకులు తిని బతికే జంతువుకు ఆ అలవాటు చేయకపోవడమే మంచిది.

1941 డిసెంబరు 8 తెల్లవారకముందే జపాన్ సేనలు దిగిన తీరం కూడా ఇదే. బ్యాంకాక్‌లోని ప్రభుత్వం ఆ ఉదయమే కాల్పుల విరమణకు ఒప్పుకున్నా, ఆ కబురు ఇక్కడికి చేరక స్థావరంలోని వైమానిక సిబ్బంది మరునాటి మధ్యాహ్నం దాకా పోరాడారు. ఆ పోరాటాన్ని చెప్పే మ్యూజియం, స్మారకం స్థావరంలోనే ఉన్నాయి. ఈత కొట్టి వెళ్ళిపోయేవారిలో ఎక్కువమంది అటు తొంగి చూడరు.

తెలుగువారు తప్పక చూడవలసిన చోటు మాత్రం పట్టణానికి దక్షిణంగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న వా కో. 1868 ఆగస్టు 18న సంభవించబోయే సంపూర్ణ సూర్యగ్రహణం ఇక్కడ కనిపిస్తుందని సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజు మోంగ్‌కుట్, అంటే నాలుగవ రామ, స్వయంగా లెక్కగట్టి, ఈ చిత్తడి తీరంలో విడిది కట్టించి, సింగపూర్ గవర్నర్ హ్యారీ ఆర్డ్‌ను, ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్తలను ఆహ్వానించాడు. లెక్క తప్పలేదు, ఆరున్నర నిమిషాలకు పైగా సూర్యబింబం పూర్తిగా కనుమరుగైంది. అయితే ఈ తీరంలో సోకిన మలేరియాతో రాజు అక్టోబరు 1న మరణించాడు. అదే ఉదయం అదే నీడ ఇక్కడికి రావడానికి ముందు మన గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగి బంగాళాఖాతం దాటింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు ఖగోళ వేధశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణులు పెట్టుకుని దాని కోసమే వేచి ఉన్నారు. సూర్యుడి వెలుగులో తొలిసారి జాడ దొరికిన హీలియం వాయువు కథ మొదలయ్యేది ఆనాటి పరిశీలనలతోనే. అయినా థాయ్‌లాండ్‌లో ఆగస్టు 18 జాతీయ విజ్ఞాన దినోత్సవం; వా కోలో రాజు విగ్రహం, విజ్ఞాన ప్రదర్శనశాల, చేపల అక్వేరియం ఉన్నాయి; బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. గుంటూరులో ఆ సంగతి దారినపోయే నలుగురిని అడిగితే ఎందరు చెప్పగలరో నాకు అనుమానమే.

మోంగ్‌కుట్‌తో పాటు జ్వరపడి కోలుకున్న కొడుకే చులాలాంగ్‌కార్న్ రాజు. 1890లో ఆయన రాక కోసం కట్టిన చిన్న మండపం పట్టణానికి ఉత్తరాన ఖావ్ సామ్ రోయ్ యోట్ జాతీయ ఉద్యానంలో, ఫ్రయా నఖోన్ గుహ లోపల ఉంది. బాంగ్ పూ తీరం నుంచి పడవలో గాని, కొండదారిన గాని లేమ్ సాలా బీచ్‌కు చేరి, అక్కడి నుంచి రాళ్ళదారిలో నిటారుగా ఎక్కాలి. చెప్పులు వద్దు, బూట్లు ఉండాలి. గుహ కప్పు కూలిపోయిన చోట ఆకాశం కనిపిస్తుంది, లోపల చెట్లు మొలిచి ఉంటాయి. ఉదయం పదిన్నర ప్రాంతంలో ఎండ నేరుగా ఆ మండపం మీద పడుతుంది. ఇంకా ఓపిక ఉంటే, మధ్యాహ్నం కుయి బురి జాతీయ ఉద్యానంలో పికప్ వాహనాల్లో అడవి ఏనుగులను, అడవిదున్నలను చూపిస్తారు.

పడమటి వైపు డాన్ సింఖోన్ సరిహద్దు సంత గురించి కూడా చెప్పాలి. ఈ ప్రాంతంలో థాయ్ భూభాగం వెడల్పు ఒకచోట 12 కిలోమీటర్లకు మించదు. 17వ శతాబ్దంలో, గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో, మచిలీపట్నం అద్దకపు బట్టలు ఓడల్లో ఇప్పటి మయన్మార్‌లోని మెర్గుయ్ రేవుకు చేరి, నదిలో తెనాసెరిమ్ దాకా పోయి, ఈ కొండల మీదుగా ఇటు తీరానికి దిగి అప్పటి సయాం రాజధాని అయుతయకు వెళ్ళేవి. మలక్కా జలసంధి చుట్టి రావడం కన్నా వ్యాపారులకు ఈ అడ్డదారే నయమనిపించేది. ఇప్పుడు ఆ దారి చివర ఆర్కిడ్ మొక్కలు, కొయ్య సామాను అమ్ముతున్నారు.

తిండి విషయానికి వస్తే, చేపలు, రొయ్యలు తినేవారికి ఈ ఊరు పండుగే. తీరం వెంట వలచట్రాల మీద ఎండబెట్టిన స్క్విడ్ వాసన వస్తూనే ఉంటుంది. రాత్రి అఖాతంలో దాన్ని పట్టే పడవల ఆకుపచ్చ దీపాలు వెలుగుతుంటాయి. శాకాహారులు ‘జే’ అని చెప్పాలి; లేకపోతే వెల్లుల్లి వేసి వేయించిన తూటికూరలోనూ చేపల రసం పడుతుంది. స్కూటరు అద్దెకు దొరుకుతుంది, పక్కబండి తగిలించిన మోటారు సైకిళ్ళూ తిరుగుతుంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడ వానలు ఎక్కువ కనుక డిసెంబరు తరువాత వెళ్ళడం మంచిది. సముద్రపు ఒడ్డున రాత్రి బజారు శుక్ర, శనివారాల్లో సాగుతుంది, సింఖోన్ సంతకు సందడి శనివారం ఉదయం. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నానికి ఊరు చేరేలా రైలు టికెట్టు తీసుకుంటే రెండూ కలిసి వస్తాయి.