సూది లేకుండా ఉమ్మితో టెస్ట్ అంటే అంత ఈజీ కాదండీ

వైజాగ్‌లో ఇంటింటికీ తిరిగి బ్లడ్ శాంపిల్స్ తీయడం నా పని. చిన్నపిల్లలున్న ఇంటికో, ఎంత తట్టినా నరం దొరకని ముసలోళ్ళ దగ్గరికో వెళ్తే ఒకటే మాట, "ఏటి బాబూ, కాస్త ఉమ్మి పట్టికెళ్ళి చూసేస్తే అవ్వదేటి?" అని. షుగర్ గురించి అడిగితే అవ్వదు మామ్మా అని చెప్పేస్తాను, ఉమ్మిలో గ్లూకోజ్ చాలా తక్కువ ఉంటుంది, పైగా రక్తంలో ఉన్నదానికీ దానికీ లెక్క సరిగ్గా కుదరదు. కానీ ఫిట్స్ మందు లెవెల్, అంటే ఒంట్లో మందు ఎంత ఉందో చూడ్డానికైతే మాత్రం ఆ మామ్మ మాటలో పాయింట్ ఉంది.

ఫిట్స్‌కి వాడే ఫినైటోయిన్ అనే మందు సంగతే చూడండి. రక్తంలోకి వెళ్ళిన మందులో దాదాపు 90 శాతం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని తిరుగుద్ది, బస్సులో కూర్చున్న ప్యాసింజర్ లాగ, దిగితేనే పని. ఆ దిగిన 10 శాతమే మెదడులోకి వెళ్ళి ఫిట్స్ ఆపేది, ఉమ్మిలోకి వచ్చేది కూడా ఆ 10 శాతమే. మామూలు రక్త పరీక్షలో రెండూ కలిపి లెక్కేస్తారు, మిల్లీలీటరుకి 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉంటే ఓకే అంటారు. ఇప్పుడు కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి, గర్భంతో ఉన్నవాళ్ళకి, సరైన తిండి లేనివాళ్ళకి ఆల్బుమిన్ తగ్గిపోద్ది కదా, అప్పుడు మొత్తం లెక్క తక్కువ కనిపిస్తుంది, పని చేసే మందు మాత్రం సరిపడానే ఉండొచ్చు. ఆ కాగితం చూసి డోస్ పెంచారో, అయిపోయింది. ఎందుకంటే ఈ మందుని లివర్ ఒక హద్దు వరకే కరిగించగలదు, అది దాటాక డోస్ కొంచెం పెంచినా లెవెల్ అమాంతం లేచిపోద్ది, మనిషి తూలతాడు, కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి, మాట ముద్దగా వస్తుంది, చూసినోళ్ళు తాగొచ్చాడనుకుంటారు. ఇలాంటోళ్ళకి ఉమ్మి లెక్కే అసలు సంగతి చెప్పుద్ది. రక్తం దొరక్కపోతే ఉమ్మితో సర్దుకోవడం అని అందరూ అనుకుంటారు గానీ ఇక్కడ మాత్రం కథ తిరగబడింది.

అలాగని ప్రతి మందుకీ కుదరదు. కార్బమజెపైన్ అనే ఇంకో ఫిట్స్ మందుకి బాగానే కుదురుద్ది. ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మందుకి ఉమ్మి పీహెచ్, అంటే అందులో ఆమ్లం ఎంతుందో కూడా చూసి లెక్క సరిచేసుకోవాలి. మానసిక జబ్బుకి వాడే లిథియం అయితే రక్తంలో కంటే ఉమ్మిలోనే ఎక్కువ ఉంటుంది, ఎంత ఎక్కువన్నది ఒక్కో మనిషికి ఒక్కోలా. వాల్ప్రోయేట్ అనే ఫిట్స్ మందుకి ఉమ్మి లెక్కని అస్సలు నమ్మలేం.

ఇక తీయడం. ఉమ్మేస్తే చాలు అనుకుంటారు, అక్కడే తంటా అంతా. టాబ్లెట్ నమిలిన పిల్లాడి నోట్లో, సిరప్ తాగిన నోట్లో మందు అంటుకునే ఉంటుంది, ఆ ఉమ్మి పడితే లెవెల్ ఆకాశంలో కనిపిస్తుంది, అందుకే తర్వాతి డోస్ వేసుకునే ముందే పట్టాలి. నోరు పుక్కిలించి కాసేపు ఆగాలి, టీ, కిళ్ళీ, గుట్కా ఏదీ ఉండకూడదు, చిగుళ్ళు కారి రక్తం కలిసినా తేడా కొట్టుద్ది. పుల్లటిది నాలిక మీద పెడితే ఉమ్మి బాగా ఊరుద్ది గానీ దాంతో పీహెచ్ కూడా మారిపోద్ది. దూది నమిలించి పిండే పద్ధతి ఉంది, కొన్ని మందుల్ని ఆ దూదే పీల్చేసుకుంటుంది. పైగా కొన్ని మానసిక జబ్బుల మందులు వాడేవాళ్ళకి నోరే ఎండిపోయి ఉంటుంది పాపం, గొట్టం పట్టుకుని కూర్చోబెడితే అడుగు కూడా తడవదు. సూదితో అయితే జాగ్రత్తంతా నా చేతిలో ఉంటుంది, ఉమ్మికొస్తే సగం పేషెంట్ చేతిలోకి పోద్ది.

ఉమ్మి నిజంగా గెలిచేసిన టెస్ట్ కార్టిసాల్ అనే హార్మోన్‌ది. ఆ హార్మోన్ ఒంట్లో మరీ ఎక్కువైపోయే కుషింగ్స్ అనే జబ్బు అనుమానం ఉంటే రాత్రి పదకొండు, పన్నెండు మధ్య శాంపిల్ కావాలి, మామూలు మనిషికి ఆ టైంలో కార్టిసాల్ బాగా పడిపోవాలి. అర్ధరాత్రి నాలాంటోడు తలుపు కొట్టి సూది గుచ్చితే ఆ కంగారుకే కార్టిసాల్ పెరిగిపోద్ది, అదే ఇంట్లో పడుకునే ముందు వాళ్ళే గొట్టంలో పట్టుకుంటే గొడవే లేదు.

హెచ్‌ఐవీకి అమెరికాలో నోటి తడితో చూసే ఓరాక్విక్ టెస్ట్‌కి 2004లోనే పర్మిషన్ వచ్చింది, 2012లో ఇంట్లోనే చేసుకునే కిట్ కూడా. దానిలో పట్టేది ఉమ్మి కాదు, చిగుళ్ళ వెంబడి రాసి తీసే తడి, చూసేది వైరస్‌ని కాదు, దాని మీద ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలని, పాజిటివ్ వస్తే మళ్ళీ రక్తంతో ఖాయం చేయాల్సిందే. టీబీకి మాత్రం ఉత్త ఉమ్మి ఇచ్చి వచ్చేయకండి, ఊపిరితిత్తుల్లోంచి దగ్గి తీసిన గళ్ల కావాలి, ఉమ్మి ఇస్తే ఉన్న జబ్బు కూడా తప్పించుకుపోద్ది.

నాకు ఆశ ఉన్నది వేరే దాని మీద, ఉమ్మితో నోటి క్యాన్సర్ పట్టడం మీద. మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే మామ్మలు ఇంకా ఉన్నారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అంగిలి మీద క్యాన్సర్ వచ్చేది ఆ వేడికీ పొగకీనే. నోటి క్యాన్సర్ ఉన్నవాళ్ళ ఉమ్మిలో ఐఎల్-8 లాంటి ప్రోటీన్లు పెరుగుతాయని పరిశోధనల్లో చూశారు, కానీ చిగుళ్ళ జబ్బులో కూడా అవి పెరుగుతాయి, అదే చిక్కు. అందుకని ఇప్పటికైతే మామ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నోరు తెరిపించి, టార్చ్ వేసి అంగిలి చూడండి, తెల్ల మచ్చో, ఎర్ర మచ్చో, మానని పుండో కనిపిస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, దానికి సూదీ అక్కర్లేదు, ఉమ్మీ అక్కర్లేదు.