నా గిటారు ఆరడానికి పట్టిన కాలం

నిన్న రాత్రి గిటారుకి తీగలు ఎక్కించాను. చేతికి జిడ్డు అంటలేదు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పట్టింది.

మాది విజయనగరం. మా ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ నేనే. పాతది పాడైతే ఆన్‌లైన్‌లో ఎలక్ట్రిక్ గిటారు కిట్ తెప్పించాను. విడిభాగాలు పంపిస్తారు, మనమే బిగించుకోవాలి. బాడీ మహాగని చెక్క, నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడుగు భాగం) మేపుల్ చెక్క. రంగూ పాలిషూ ఏదీ లేని ఒట్టి చెక్క. 120 నంబరు శాండ్‌పేపరుతో మొదలుపెట్టి 320 దాకా పట్టాను, ఒక ఆదివారంతో అయిపోయింది. వైరింగు ఇంకో సాయంత్రం. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఇక పైన ఏం వెయ్యాలి? కార్లకి స్ప్రే కొట్టే కుర్రాడు ఎర్ర రంగు వేస్తానన్నాడు. వడ్రంగి మెలమైన్ పాలిష్ అన్నాడు. నాకు మాత్రం చెక్క చేతికి చెక్కలాగే తగలాలి. అంటే నూనె. మా నాన్నగారు వెంటనే "కొబ్బరినూనె రాయరా, నిగనిగలాడుతుంది" అన్నారు. నిగనిగలాడుతుంది, కానీ ఎన్నాళ్లయినా ఆరదు. అవిసె నూనె, టంగ్ నూనె అలా కాదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడి, చెక్క నారలో పొరగా నిలుస్తాయి. టంగ్ అనేది చైనా చెట్టు కాయల్లోంచి తీసే నూనె. అవిసె కంటే నీటికి బాగా తట్టుకుంటుంది. ఇదంతా చదివి, మహా తెలివైనవాణ్ణని అనుకుంటూ బజారుకి వెళ్లాను.

ఊళ్లో పెద్ద పెయింట్ల షాపు. పేరెందుకు లెండి. కౌంటరు దగ్గర నలుగురు మేస్త్రీలు ఉన్నారు. "టంగ్ ఆయిల్ ఉందా?" అన్నాను.

ఓనరు కళ్లజోడు పైకెత్తి చూశాడు. "టంగ్ అంటే నాలిక కదేటి మాస్టారూ. నాలిక్కి నూనేటి?"

నలుగురూ పగలబడి నవ్వారు. గిటారుకండీ అన్నాను. అది ఇంకా పెద్ద తప్పయింది. "గిటారుకి తలంటు పోస్తారేటి?" అన్నాడు ఒక మేస్త్రీ. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన ఊరు. ఆ ఊళ్లో వాయిద్యం పేరెత్తితే ఈ మర్యాద! నోట్లోంచి మాట రాలేదు. ఓనరు లేబుల్ లేని సీసా ఒకటి ముందు పెట్టి "డబుల్ బాయిల్డ్ లిన్సీడ్. పూసీండి, తెల్లారేసరికి అద్దం" అన్నాడు. బయటపడితే చాలనుకుని డబ్బులిచ్చి వచ్చేశాను.

బాయిల్డ్ అని అమ్మే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీసు లాంటి లోహాల లవణాలు కలుపుతారు. అవి లేని పచ్చి నూనె, అంటే క్రికెట్ బ్యాట్లకి రాసేది, ఆరడానికి రోజులు కాదు, వారాలు తీసుకుంటుంది. ఆ సీసాలో ఉన్నది ఏదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ సాయంత్రమే వరండాలో ట్యూబులైటు కింద బ్రష్షుతో దండిగా పూసి, పీల్చుకుంటుందిలే అని వదిలేశాను. మధ్యాహ్నమే మొదటి వాన పడింది. చీకటి పడగానే ఉసిళ్లు లేచాయి. నేను భోజనం చేసి వచ్చేసరికి గిటారు బాడీ నిండా రెక్కలు! కొన్ని పురుగులు అందులోనే కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఒక్కొక్క రెక్కా పట్టకారుతో తీస్తుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండేది.

మర్నాడు జిడ్డు. వారానికీ జిడ్డే. పదిహేడో రోజున వేలు పెడితే వేలిముద్ర పడింది. గాలిలో ఆ తేమ ఉండగా ఎలా ఆరుతుంది? షాపుకి పట్టుకెళ్తే ఓనరు బొటనవేలితో నొక్కి, "నూనె మంచిదే. తవరికి రాయడం రాదు" అన్నాడు. మళ్లీ అదే కౌంటరు, అవే నవ్వులు. లేబుల్ లేని సీసాలో ఏదీ కొనకండి. నూనె అయినా, తేనె అయినా, మందయినా.

ఆ కోపంలోనే బొబ్బిలి బస్సెక్కాను. పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణలు చేస్తారు. అక్కడ ఒక పెద్దాయన ఉలి పక్కన పెట్టి, గిటారుని ఒళ్లోకి తీసుకుని, వాసన చూశాడు.

"ఎంత సేపుంచి తుడిసినావు బాబూ?"

"తుడవలేదండి. పీల్చుకుంటుందని వదిలేశాను."

"అది పీల్సుకున్నంతే పీల్సుకుంటాది. మిగిల్నది పైనుండి బంకవుతాది. రాసింది మళ్లీ తుడిసెయ్యాల."

అంతే. ఆయన నవ్వలేదు. పైగా గిటారుని తట్టి చూసి, మరి గుల్ల లేకుండా మోత ఎలా వస్తుందని అడిగాడు. తీగల కింద అయస్కాంతాలు ఉంటాయని అరగంట చెప్పాను. ఆ షాపులో పోయిన పరువు కొంత అక్కడ తిరిగొచ్చింది.

ఇంటికొచ్చి టర్పెంటైన్‌తో బంకంతా కడిగి, మళ్లీ చెక్క కనిపించేదాకా గీకాను. ఈసారి ట్రూ ఆయిల్ తెప్పించాను. అవిసె నూనె ఆధారంగా తుపాకీ మడమల కోసం చేసింది. గిటార్లవాళ్లు చాలామంది వాడతారు. సీసా చూస్తే దగ్గు మందంత, 90 మిల్లీలీటర్లు కూడా ఉండదు. ధర చెబితే మా నాన్నగారు మళ్లీ కొబ్బరినూనె మాటెత్తుతారని చెప్పలేదు. సగం కూడా ఖర్చు కాలేదు. పాత బనియను ముక్క మీద నాలుగు చుక్కలు, పల్చగా రాయడం, వెంటనే తుడిచెయ్యడం, ఒక రోజు ఆగడం. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులు. బాడీకి ఎనిమిది పూతలు, నెక్ వెనక మూడే. నెక్ మీద ఎక్కువైతే బొటనవేలు జారకుండా పట్టేస్తుంది. నెక్ ముందువైపు వేళ్లతో తీగలు నొక్కే రోజ్‌వుడ్ పలక, అదే ఫింగర్‌బోర్డు, దాని మీద నూనె పడకుండా టేపు వేశాను. పూతల మధ్యలో స్టీల్ ఊలుతో (సన్నటి ఇనప పీచు) రుద్దేటప్పుడు పికప్‌లు, అంటే తీగల కింద ఉండే ఆ అయస్కాంతాలు, తీసి వేరే గదిలో పెట్టండి. ఆ ఇనప పొడి అయస్కాంతాలకి పట్టిందంటే వదలదు.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోవద్దు. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి. ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. నేను బకెట్ నీళ్లలో నానబెట్టి, తర్వాత తీగ మీద పరిచి ఆరేశాను. ఇంత ముఖ్యమైన మాట అమ్మినవాడు చెప్పొద్దా?

పెయింటంత గట్టిది కాదు ఈ పూత. బెల్టు బకిల్ తగిలితే గీత పడుతుంది. పడితే అక్కడ మాత్రం కాస్త గీకి, రెండు చుక్కలు రాస్తే సరి.

ఈ పొద్దున రిహార్సల్‌కి వెళ్తూ కావాలనే ఆ షాపు ముందు బండి ఆపి, కవరు తీసి, గిటారుని ఎండలో పెట్టాను. ఓనరు బయటికొచ్చాడు. చెయ్యి వేసి నిమిరాడు.

"ఏ పాలీషు మాస్టారూ ఇది?"

"నాలిక్కి రాసుకునేదే" అని బండి స్టార్ట్ చేశాను.