స్టీల్ సారూ, నాలుగు గర్డర్లూ

మన బ్యాచ్ రైస్ కుక్కర్ కేసు జోలికి పోనని పాత విద్యార్థుల సంచిక కమిటీకి మాటిచ్చాకే, మన కాలేజీ రోజుల మీద ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకున్నాను. కాబట్టి బావగారు నిశ్చింతగా ఉండొచ్చు.

మా ఊళ్ళో ఇప్పటికీ నేను మద్రాసు ఐఐటీలో చదివాననే అనుకుంటారు. చికాగోలో కూడా ఒక ఐఐటీ (ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) ఉందని, నేను చదివింది అక్కడేనని నాన్నగారు ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

2001లో ఓరియెంటేషన్ రోజు చెప్పిన కథ గుర్తుందా? 1890లో గన్సాలస్ అనే పాస్టరు, తన చేతిలో మిలియన్ డాలర్లుంటే పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ చదువు చెప్పే కాలేజీ పెడతానని ప్రసంగించాడట. అది విని మాంసం వ్యాపారి ఆర్మర్ ఆ డబ్బు ఇచ్చేశాడట. ఆ ఆర్మర్ కాలేజీ, లూయిస్ కాలేజీ 1940లో కలిసి ఐఐటీ అయ్యాయి. ‘మాంసం వ్యాపారి’ అన్నప్పుడు శాస్త్రి ముఖం నాకింకా గుర్తే. ఆ కాలేజీలోనే రెండేళ్ళు పప్పన్నం తిని డిగ్రీ పుచ్చుకున్నాడు మహానుభావుడు.

ఇక స్టీల్ సార్, అంటే మనకి స్టీలు కట్టడాల పాఠం చెప్పిన ప్రొఫెసరు. మొదటి క్లాసులోనే బోర్డు ముట్టుకోకుండా, “క్రౌన్ హాల్‌కి వెళ్ళి లోపల పైకప్పును మోసే స్తంభాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి రండి” అన్నారు. వెళ్ళాం. అది మన క్యాంపస్‌లో ఆర్కిటెక్చర్ వాళ్ళ భవనం: 220 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు హాలు, నాలుగు వైపులా అద్దాలు. ఆర్కిటెక్చర్ పిల్లలు బల్లల మీద మోడళ్ళు అతికించుకుంటున్నారు. అలాంటి స్తంభం ఒక్కటీ లేదు. రెడ్డి మాత్రం ఎందుకైనా మంచిదని నాలుగని రాసుకొచ్చాడు.

“మరి కప్పును ఎవరు మోస్తున్నారు?” అని అడిగి, అందరినీ బయటికి తీసుకెళ్ళి పైకి చూడమన్నారు. కప్పు మీద నాలుగు పెద్ద స్టీలు గర్డర్లు (దూలాలు), ఒక్కోటీ 120 అడుగులు, మధ్యలో అరవయ్యేసి అడుగుల ఎడం. గోడల బయట నిలబడ్డ ఎనిమిది స్తంభాలు వాటిని మోస్తాయి, కప్పు వాటికి కింద వేలాడుతుంది. 1956లో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో కట్టింది అదీ. జనవరి చలిలో, నెత్తిన టోపీ అయినా లేకుండా, సార్ గోడ బయటి స్తంభం మీద చెయ్యేసి, కప్పు బరువు గర్డర్‌లోకి, అక్కణ్ణుంచి స్తంభంలోకి, నేలలోకి ఎలా దిగుతుందో వేలితో గీసి చూపించారు. మనమేమో మంకీ క్యాపుల్లోంచి తలలూపాం. మిగతా కోర్సులన్నీ కలిపినా నాకు అంత ఎక్కలేదు.

రెండో ఏడాదంటే నాకు మిగిలింది ఉద్యోగం టెన్షన్ ఒక్కటే. కొత్త క్యాంపస్ సెంటర్ మీదుగా పోయే గ్రీన్ లైన్ రైలు పట్టాల చుట్టూ, చప్పుడు తగ్గించడానికి ఆ 530 అడుగుల గొట్టం తగిలిస్తుంటే ఆ గోల మధ్యే చదివాం. ఆ క్యాంపస్ సెంటర్ ఏమో మనం వెళ్ళిపోయాక, 2003 సెప్టెంబర్‌లో తెరిచారు!

పోయినేడు నేను డిజైన్ చేసిన ఆడిటోరియం పూర్తయింది. మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఫొటో సార్‌కి మెయిల్ చేశాను. రిటైరైనా మనిషి మారలేదు, అభినందనల్లేవు, ఒకటే ప్రశ్న: “కప్పు బరువుకి మధ్యలో ఎంత వంగింది?” లెక్కలో వచ్చినంతే వంగిందని రాశాను. కాస్త గర్వంగానే రాశాను.